మూడో కనుమ మీద పాల ప్యాకెట్టు

పొద్దున్నే పాల ప్యాకెట్టు రాగానే మీటరమ్మ దాన్ని తీసుకెళ్ళి మూడో కనుమ మీద పెట్టేది. మూడో కనుమ అంటే ఉత్తరపు రహదారిలో అన్నిటికంటే ఎత్తున ఉన్న కొండదారి. భోజనాల బల్ల మీద పరిచిన మ్యాపులో పై అంచుకి జానెడు కిందుగా ఉండేది. అక్కడ పెట్టిన పాలు రెండు రోజులైనా విరిగేవి కావు. వెన్న గిన్నెకి మొదటి కనుమ చలి చాలు. పక్కింటావిడ తన చుక్కల మందు సీసా తెచ్చి, సరస్సు ఒడ్డున పెట్టి, "మళ్ళీ సాయంత్రం తీసుకెళ్తానే" అని చెప్పి వెళ్ళిపోయేది. మ్యాపు కింది అంచున, వాళ్ళ ఊరున్న చోట, ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేది. అక్కడ పిల్లి పడుకునేది.

ఆ మ్యాపు మీటరమ్మ రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు ఇచ్చింది. గోడ గడియారం కావాలా, వెండి పళ్ళెం కావాలా అని అడిగితే, "ఉత్తరపు రహదారి మ్యాపు కావాలి. గుడ్డ మీద అచ్చేసింది, దొరికినంత పెద్దది" అంది. ఇంటికి తెచ్చి బల్ల మీద పరిస్తే పైభాగం చేతికి జివ్వుమని తగిలింది. "ఉత్తరం కదమ్మా" అంది కూతురు. ఆ సంగతి మీద ఆ ఇంట్లో జరిగిన చర్చ అంతే. పాత ఫ్రిజ్జు పాడైతే మళ్ళీ రిపేరుకి ఇవ్వలేదు.

ముప్పై ఒక్క సంవత్సరాలు మోటారు సైకిలేసుకుని ఊళ్ళో ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసింది కాబట్టి ఆవిడ ఊరందరికీ మీటరమ్మ. అసలు పేరు బ్యాంకు పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. వానొచ్చినా వరదొచ్చినా రీడింగు తీయకుండా వదిలేసిన ఇల్లు లేదని ఆవిడకి గొప్ప. ఆవిడ రిజిస్టరులో ప్రతి ఇంటి నంబరు పక్కనా ఓ చిన్న మాట ఉండేది. కరిచే కుక్క ఉన్న ఇంటికి 'కుక్క', ఎవరూ లేని ఇంటికి 'తలుపు తాళం', తలుపు తీసి లోపలికి రానిచ్చిన ఇంటికి 'మనిషి ఉన్నారు'. ఉత్తరపు ప్రయాణానికీ అలాంటి రిజిస్టరే రాసింది. రోజుకో పేజీ, మొత్తం ఇరవై నాలుగు పేజీలు. పెట్రోలు బంకు ఎక్కడుంది, ఎక్కడ రెండొందల కిలోమీటర్ల దాకా చుక్క దొరకదు, ఏ మలుపు దగ్గర రోడ్డు మీదే వాగు పారుతుంది, ఫోను ఎక్కడ మూగబోతుంది, ఎవరింట్లో పడక ఇస్తారు, అన్నీ రాసుకుంది. మూడో కనుమ పక్కన మాత్రం ఎర్ర సిరాతో 'కుక్క' అని రాసి, కింద రెండు గీతలు గీసింది.

ఆవిడ మొగుడు టైలరు. ముందు గదిలోనే షాపు. ఊళ్ళో సగం మంది భుజాల వెడల్పు ఆయనకి నోటికి వచ్చు. మధ్య వేలికి ఇత్తడి తొడుగు ఒకటి ఎప్పుడూ ఉండేది, సూది గుచ్చుకోకుండా. అన్నం తినేటప్పుడూ తీసేవాడు కాదు, స్నానానికీ తీసేవాడు కాదు. చేతిపనిలో అంత ధీమా ఉన్న మనిషికి బండి ఎక్కాలంటే మాత్రం కాళ్ళు వణికేవి. పెళ్ళైన మర్నాడు ఒక్కసారి మీటరమ్మ వెనక కూర్చుని, రెండు వీధుల దూరం కళ్ళు మూసుకునే వెళ్ళి, దిగి, ఇక ఈ జన్మకి చాలన్నాడు. అప్పట్నుంచీ ఎక్కడికైనా నడకే. నడకకి అందనంత దూరంలో ఆయనకి పనే లేదు.

అలాగని పెళ్ళాం ప్రయాణమంటే గిట్టదని కాదు. కొలతలకి వచ్చినవాళ్ళ మెడ చుట్టూ టేపు వేసి పట్టుకుని మరీ చెప్పేవాడు. "మా ఆవిడ ఉత్తరపు రహదారి వెళ్తోంది. ఒక్కతే! రానూపోనూ మూడు వేల రెండొందల కిలోమీటర్లు." సోమవారం మూడు వేల రెండొందలున్నది గురువారానికి నాలుగు వేలయ్యేది. శనివారం వచ్చినవాడికి ఐదు వేలు వినే యోగం పట్టేది. మెడకి టేపు ఉంది కాబట్టి ఎవరూ కాదనేవారు కాదు.

తొందర ఎందుకంటే, మీటరమ్మ ఎడమ కన్ను మసకబారుతోంది. ఈ సంగతి బయటపెట్టింది కూతురే. కళ్ళాసుపత్రిలో చూపు పరీక్షలు చేసే ఉద్యోగం ఆ అమ్మాయిది. సొంత తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కో కన్నూ మూసి అక్షరాలు చదివించింది.

"కుడి కన్ను బ్రహ్మాండం. ఎడమది ఈ వేసవి వరకే అమ్మా. లైసెన్సు జూన్ ముప్పైతో అయిపోతుంది. ఆ తర్వాత పరీక్షకి నువ్వు నా దగ్గరికే రావాలి. నేను పాస్ చెయ్యను" అంది.

"కన్నతల్లినైనా?"

"కన్నతల్లివి కాబట్టే."

మీటరమ్మ పకపకా నవ్వింది. పిల్లని సరిగ్గానే పెంచానని పక్కింటావిడతో చెప్పుకుని మురిసింది కూడా. కానీ అసలు చిక్కు వేరే ఉంది. మూడో కనుమ ఏడాదిలో ఎనిమిది నెలలు మంచు కిందే ఉంటుంది. జూన్ పదోతేదీ లోపు తెరుచుకుంటేనే ఆవిడ దాన్ని దాటి, లైసెన్సు గడువులోపల తిరిగి ఇల్లు చేరగలదు. ఈ ఏడు కుదరకపోతే మరి లేదు.

ఫిబ్రవరిలో టైలరు చలికోటు మొదలుపెట్టాడు. బజారులో దొరికే కోట్లు ఆయన కంటికి ఆనలేదు. "చలి ఎటునుంచి దూరుతుందో తెలియనివాడు కుట్టిన కోటు అది" అనేవాడు. మూడు పొరల గుడ్డ తెచ్చాడు, మధ్యలో దూది పరిచి గళ్ళు గళ్ళుగా కుట్టాడు. చలి ఎటునుంచి దూరుతుందో తెలుసుకోడానికి ఆయనకి బల్ల మీదే దారి ఉంది. రోజూ పొద్దున మీటరమ్మ బండి తీసుకుని, కొండ ఎక్కిదిగే అలవాటు కోసం ఊరవతల రాళ్ళ క్వారీకి వెళ్ళేది. ఆ గంటసేపు టైలరు కోటు తొడుక్కుని బల్ల మీదకి వంగి, ఛాతీ మూడో కనుమకి ఆన్చి, కుడి చెయ్యి మంచు మీద పరిచి పడుకునేవాడు. చంకలో సన్నగా చలి పాకితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టి బిగించేవాడు. భుజం దగ్గర దూరితే భుజం విప్పి మళ్ళీ కుట్టేవాడు. అరచెయ్యి ఆన్చితే ఎనభై కిలోమీటర్ల దారి దాని కిందకి వచ్చేది.

మే నెల మొదట్లో మీటరమ్మ రోడ్ల ఆఫీసుకి ఫోను చేసింది. అవతల గుమాస్తా గొంతులో ఏ కంగారూ లేదు.

"మూడో కనుమా? ఈ ఏడు మంచు మరీ ఎక్కువమ్మా. జూన్ ఇరవై లోపు తెరుచుకోదు."

"యంత్రాలు పెట్టి తీస్తే?"

"యంత్రాలు పెట్టే చెప్తున్నానమ్మా."

ఆవిడ ఫోను పెట్టేసింది. రిజిస్టరు తెరిచి, ఎర్ర సిరా 'కుక్క' పక్కన నల్ల సిరాతో 'తలుపు తాళం' అని రాసింది. పాల ప్యాకెట్టు తీసి కాఫీ పెట్టింది.

టైలరు ముందు గదిలోంచి అంతా విన్నాడు. నిజం చెప్పాలంటే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. లోయలూ, వాగులూ, పెళ్ళాం ఎడమ కన్నూ మూడు నెలలుగా ఆయన్ని కలలో కూడా వదల్లేదు. హమ్మయ్య అనుకున్నాడు. అనుకున్నందుకు వెంటనే సిగ్గేసింది. అయినా ఆ హమ్మయ్య వెనక్కి పోలేదు. కోటు పని మాత్రం ఆపలేదు. మొదలుపెట్టిన బట్టని సగంలో వదిలేయడం ఆయన చేతులకి తెలియని విద్య.

రెండో వారంలో ఒకరోజు కూతురు డ్యూటీకి వెళ్తూ వంటింట్లోంచి కేకేసింది.

"నాన్నా, పాలు విరిగిపోయాయి!"

టైలరు వచ్చి చూశాడు. మూడో కనుమ దగ్గర గుడ్డ తడిసి ఉంది. బల్ల అంచు నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతున్నాయి. ముట్టుకుంటే మునుపటి చలి లేదు, మామూలు తడి. ఆ తడి అచ్చం అరచెయ్యి ఆకారంలో ఉంది. ఐదు వేళ్ళూ విడివిడిగా కనిపిస్తున్నాయి. మధ్య వేలి కొసన మాత్రం ఇత్తడి తొడుగు ఆనే చోట చిన్న గుండ్రటి మచ్చ పొడిగా, తెల్లగా, మంచుగడ్డలా ఉంది.

కూతురు ఒకసారి మ్యాపునీ, ఒకసారి తండ్రి చేతినీ చూసింది. వెళ్ళి ఒక గిన్నె తెచ్చి చుక్కల కింద పెట్టింది. "ఇక పాలు రెండో కనుమ మీద పెట్టుకుందాం" అని బస్సుకి టైమవుతోందని పరుగెత్తింది.

టైలరు మాత్రం ఫోను తీశాడు.

"ఏమండీ, మూడో కనుమ ఎలా ఉంది?"

"పడమటి వైపు కాస్త మెత్తబడిందట" అన్నాడు గుమాస్తా. "మావాళ్ళకీ అంతుపట్టలేదు. అయినా ఇరవై లోపు కష్టమే."

ఆయన బల్ల ముందు కుర్చీలో చాలాసేపు కూర్చున్నాడు. ఇప్పుడు తాళం ఆయన చేతిలోకి వచ్చింది. చెయ్యి తీసేస్తే కనుమ మళ్ళీ బిగుసుకుంటుంది, పెళ్ళాం ఇంటిపట్టున క్షేమంగా ఉంటుంది. ఎవరూ ఎప్పటికీ ఆయన్ని ఒక్క మాట అనరు. ఆ రోజు, మర్నాడు కూడా ఆయన మ్యాపు జోలికి పోలేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం మీటరమ్మ షాపులోకి వచ్చి కుట్టు మిషను పక్కన నిలబడింది. చేతిలో పాత టార్పాలిన్ గుడ్డ ఉంది.

"ఏమండీ, ఖాళీ చూసుకుని బండికి దీంతో ఓ ముసుగు కుట్టి పెట్టండి. దుమ్ము పడకుండా."

"ముసుగెందుకు?"

"వచ్చే నెల నుంచి వాడకం ఉండదుగా. అమ్మడానికి మనసు రావట్లేదు. ఓ మూల పడుంటుంది."

ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. అదే ఆయన తట్టుకోలేకపోయాడు. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆవిడ పొద్దున్నే హెల్మెట్ పెట్టుకుని వెళ్తుంటే, గుమ్మంలో నిలబడి వీధి చివరి మలుపు దాకా చూసినవాడు ఆయన. ఆ మలుపులో ఆవిడ ఎప్పుడూ కాలు నేలకి ఆన్చేది కాదు. అది నా పెళ్ళాం అని వీధంతా వినపడేలా అరవాలనిపించేది. అలాంటి బండికి ముసుగు వెయ్యడానికి గజాలు కొలవాలా?

"ఆ ఒక్కటీ నేను కుట్టను" అన్నాడు.

మీటరమ్మ ఆశ్చర్యపోయింది. ఆయన నోట కుట్టనన్న మాట వినడం అదే మొదటిసారి. అలిగాడేమో అనుకుని టార్పాలిన్ మడతపెట్టి తీసుకుపోయింది.

మర్నాడు పొద్దున బండి చప్పుడు వీధి దాటగానే టైలరు చొక్కా చేతులు పైకి మడిచాడు. ఈసారి కోటు లేదు. కుడి అరచెయ్యి మళ్ళీ అదే చోట మూడో కనుమ మీద ఆన్చి, దాని మీద ఎడమ చెయ్యి వేసి నొక్కాడు. రెండు రోజుల్లో అక్కడ మంచు మళ్ళీ గట్టిపడింది. చలి ఎముకల్లోకి పాకింది. చెయ్యి ఎర్రబడి, తెల్లబడి, చివరికి తనది కానట్టయింది. క్వారీ వైపు నుంచి బండి చప్పుడు వినపడేదాకా తియ్యలేదు. అలా పదకొండు పొద్దులు. మ్యాపు మీద తడి కనపడకుండా కూతురు తువ్వాలు కప్పేది, గిన్నె నిండితే తీసుకెళ్ళి మొక్కలకి పోసేది. నేల తడి గురించి మీటరమ్మ అడిగితే పాలు ఒలికాయనేది. పదకొండు రోజులూ పాలు ఒలికే ఇల్లేమిటని ఆవిడ విసుక్కునేది.

"నరాలు దెబ్బతింటే సూది పట్టలేవు నాన్నా. అమ్మకి చెప్పేస్తాను" అంది కూతురు ఆరో రోజు, ఆయన చేతికి నూనె రాస్తూ.

"చెప్తే మీ అమ్మ ఊరుకోదు. మ్యాపు మడిచి బీరువాలో పడేస్తుంది."

"పడెయ్యాలి మరి!"

"ఆవిడ రిజిస్టరులో తలుపు తాళం అని రాసి వదిలేసిన ఇల్లు ఒక్కటి చూపించు. రెండోసారి వెళ్ళి రీడింగు తీసుకునే వచ్చింది. ఈ ఒక్కటీ నా మూలంగా మిగిలిపోవాలా?"

కూతురు కాసిన్ని నీళ్ళు వేడి చేసి తెచ్చింది. ఆ వారమంతా సూదిలో దారం ఎక్కించే పని ఆ అమ్మాయిదే. చొక్కాల కోసం వచ్చినవాళ్ళని వచ్చే వారం రమ్మంటే, టైలరు మాట తప్పడమా అని నోళ్ళు వెళ్ళబెట్టారు. ఆయన చెవిన వేసుకోలేదు.

మే ఇరవై ఏడున రోడ్ల ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. గుమాస్తా గొంతులో ఈసారి కంగారుంది.

"అమ్మా, మీరు అడిగారు కదా, మూడో కనుమ తెరుచుకుంది. ఇరవై నాలుగు రోజుల ముందు! నా సర్వీసులో చూడలేదు."

మీటరమ్మ ఫోను పెట్టి, వంటింట్లో నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ తర్వాత ఇల్లు దద్దరిల్లేలా ఈల వేసింది. పిల్లి ఉలిక్కిపడి దక్షిణం వదిలి పారిపోయింది.

"కోటు ఏదీ? తెండి, వేసి చూస్తాను" అంది.

టైలరు కోటు తెచ్చి రెండు చేతులా పట్టుకున్నాడు. ఆవిడ తొడుక్కుంది. చేతులు వేళ్ళ కొసలు దాటి వేలాడాయి. భుజాలు జారిపోయాయి. ఛాతీ దగ్గర ఇంకో మనిషి పట్టేంత ఖాళీ ఉంది. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముప్పై మూడేళ్ళ కాపురంలో పెళ్ళాం కొలత అంగుళంలో పావు తప్పని టైలరు!

"ఎవరి కొలత ఇది?" అంది మీటరమ్మ.

ఆయన కోటు చుట్టూ ఒకసారి తిరిగాడు. చంక చూశాడు, భుజం చూశాడు, తను సుద్దతో పెట్టిన గుర్తులు చూశాడు. అప్పుడు తెలిసింది.

"నాదే" అన్నాడు మెల్లగా. "చలి ఎక్కడ దూరుతుందో చూడాలని రోజూ నేనే వేసుకున్నా. దూరిన చోటల్లా బిగించుకుంటూ పోయా."

"మూడు నెలలూ?"

"ఊఁ."

మీటరమ్మ కోటు విప్పి ఆయన భుజాల మీద వేసింది. చర్మంలా అతుక్కుంది. నాలుగు వైపులా లాగి చూసింది. ఎక్కడా వేలు పట్టే సందు లేదు.

"ఇంత బాగా కుదిరిన కోటు విప్పి మళ్ళీ కుట్టడం పాపం. మీరే వేసుకుని రండి."

"నేనా! నేనెక్కడికి?"

"వెనక సీటు ఖాళీగానే ఉందిగా. నాకు కుడి కన్ను ఉంది. ఎడమవైపు చూసేవాళ్ళు ఒకళ్ళు కావాలని ముందునుంచీ ఉంది. అడిగితే మీకు కాళ్ళు వణుకుతాయని అడగలేదు."

టైలరు కళ్ళు మ్యాపు మీదికి వెళ్ళాయి. ప్రతి మలుపూ ఆయన చేతికి తెలుసు. ఎక్కడ చలి కొరుకుతుందో, ఎక్కడ ఎండ తగులుతుందో ఛాతీకి తెలుసు. తను వెళ్ళొచ్చిన దారే అనిపించింది. కాళ్ళకేసి చూసుకున్నాడు. కొద్దిగా వణుకుతూనే ఉన్నాయి.

"ఎడమవైపు ఏదైనా వస్తే ఏం చెయ్యాలి?" అని అడిగాడు.

"భుజం మీద తట్టండి, చాలు."

నాలుగు రోజుల్లో రెండో కోటు తయారైంది. ఈసారి కొలత తప్పలేదు. జూన్ ఒకటిన పొద్దున్నే బండి బయలుదేరితే వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. మెడకి టేపు వేయించుకుని ఐదు వేల కిలోమీటర్లు విన్నవాళ్ళందరూ ఉన్నారు. టైలరు ఒక చేత్తో పెళ్ళాం నడుం పట్టుకుని, రెండో చెయ్యి ఆవిడ ఎడమ భుజం మీద సిద్ధంగా పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి కూర్చున్నాడు. వీధి చివరి మలుపులో మీటరమ్మ కాలు నేలకి ఆన్చలేదు. ఆ మలుపుని వెనక సీటులోంచి చూడటం ఆయనకి అదే మొదలు. "అది నా పెళ్ళాం!" అని ఈసారి నిజంగానే అరిచాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మూడో కనుమ ఎక్కారు. రెండు పక్కలా మనిషెత్తు మంచు గోడలు, మధ్యలో నల్లటి తడి రోడ్డు. పైన రోడ్డు కూలీల గుడారం ఉంటే బండి ఆపారు. పార పట్టుకున్న పెద్దాయన ఒకడు వేడి టీ ఇచ్చాడు.

"అదృష్టవంతులమ్మా. ఈ ఏడు మంచు వింతగా కరిగింది. ఇదిగో, ఈ మైదానమంతా ముందు కరిగింది. ఇక్కణ్ణుంచి ఐదు పాయలుగా చీలింది. ఒకటి పొట్టిగా పక్కకి పోయింది. మిగతా నాలుగూ పొడుగ్గా ఉత్తరానికి. మధ్య పాయ చివర మాత్రం ఒక గుండ్రటి గడ్డ ఉంది, గునపానికి కూడా లొంగట్లేదు. దాని చుట్టూ తిప్పి రోడ్డు వేసుకున్నాం."

"అవునా" అంది మీటరమ్మ.

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టింది. టైలరు కుడి చేతి గ్లవుజు పట్టి మెల్లగా లాగేసింది. అరచెయ్యి వెల్లకిలా తిప్పి చూసింది. వేళ్ళ కొసలు ఇంకా పొక్కి ఉన్నాయి. మధ్య వేలికి ఇత్తడి తొడుగు ఎండలో మెరిసింది. చిటికెన వేలి కొస నొక్కింది. ఆయనకి తెలియలేదు. ఇంకా గట్టిగా నొక్కింది. అప్పటికీ తెలియలేదు.

"పదకొండు రోజులు పాలు ఒలికాయి" అంది.

"ఒలికాయి" అన్నాడు ఆయన.

ఆవిడ ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని చాలాసేపు రుద్దింది. రోడ్డు పెద్దాయన మర్యాదగా అటు తిరిగి పార తుడుచుకున్నాడు.

తర్వాత మీటరమ్మ సంచీలోంచి రిజిస్టరు తీసింది. తొమ్మిదో పేజీ తెరిచి, ఎర్ర సిరా 'కుక్క' కొట్టేసింది. నల్ల సిరా 'తలుపు తాళం' కొట్టేసింది. తేదీ వేసి, బండి మీటరులో కిలోమీటర్లు ఎంతున్నాయో చూసి ఎక్కించింది. దాని పక్కన గుండ్రటి అక్షరాలతో, ముప్పై ఒక్క సంవత్సరాలు రాసినట్టే రాసింది.

'మనిషి ఉన్నారు.'